అమెరికా పల్లెల్లో ఇల్లు కొనాలంటే: యూఎస్‌డీఏ, ఎఫ్‌హెచ్‌ఏ, వీఏ, కన్వెన్షనల్ లోన్లలో ఏది ఎవరికి?

పెద్ద ఊళ్ళలో ఇళ్ళ ధరలు చూశాక, గంట దూరమైనా సరే కాస్త ఆవరణ ఉన్న ఇల్లు తీసుకుందామనుకునే తెలుగు కుటుంబాలు అమెరికాలో చాలానే ఉన్నాయి. చిన్న ఊళ్ళలో మోటెళ్ళు, గ్యాస్ స్టేషన్లు నడుపుకునేవాళ్ళు, కౌంటీ ఆసుపత్రుల్లో నర్సులు, స్కూలు టీచర్లు అయితే ఉండేదే అక్కడ. వీళ్ళంతా లోను వెతుక్కునేటప్పుడు మొట్టమొదట అడిగేది వడ్డీ రేటు. అడగాల్సిన వరుస అది కాదు. ముందు మీ ఇమిగ్రేషన్ స్టేటస్, తర్వాత ఇంటి అడ్రస్, ఆ తర్వాత ఇంట్లో ఉండే పెద్దవాళ్ళందరి ఆదాయం, ఆపైన చేతిలో ఉన్న నగదు. ఈ నాలుగూ తేలితే మిగిలేది మహా అయితే రెండు లోన్లు. రేటు పోల్చాల్సింది ఆ రెండింటి మధ్యే.

ఇంకో సంగతి మొదటే తెలిసుంటే మంచిది. యూఎస్‌డీఏ (అమెరికా వ్యవసాయ శాఖ), ఎఫ్‌హెచ్‌ఏ (ఫెడరల్ గృహ సంస్థ), వీఏ (మాజీ సైనికుల శాఖ) లోన్లలో చాలావాటిలో ప్రభుత్వం డబ్బు ఇవ్వదు, హామీ మాత్రమే ఇస్తుంది. కన్వెన్షనల్ అంటే ఆ ప్రభుత్వ హామీ లేని మామూలు లోను. మీరు కట్టలేకపోతే లెండర్‌కి వచ్చే నష్టంలో ఎక్కువ భాగం ప్రభుత్వం భరిస్తుంది. యూఎస్‌డీఏ గ్యారంటీ లోన్లో ఆ హామీ లోను మొత్తంలో 90 శాతం వరకు ఉంటుంది. డౌన్ పేమెంట్ లేకుండానే లెండర్ ముందుకొచ్చేది ఆ ధైర్యంతోనే. ఆ హామీకి ఫీజు కట్టేది మాత్రం మీరు. హామీ ఇస్తున్నారు కాబట్టి మిమ్మల్ని ఎంత పరీక్షిస్తారో ఇంటినీ అంతే పరీక్షిస్తారు. పల్లెటూరి ఇళ్ళ విషయంలో బేరాలు ఎక్కువగా తెగిపోయేది ఈ రెండో పరీక్షలోనే.

స్టేటస్ దగ్గరే సగం తేలిపోతుంది

యూఎస్‌డీఏ లోను సిటిజన్లకీ, గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకీ, చట్టం ప్రకారం అర్హులుగా గుర్తించిన మరికొన్ని వర్గాలకీ మాత్రమే. హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళకి రాదు. ఐ-140 (కంపెనీ వేసే గ్రీన్ కార్డు పిటిషన్) అప్రూవ్ అయినా, ఐ-485 (గ్రీన్ కార్డు అప్లికేషన్) పెండింగ్‌లో ఉండి ఈఏడీ (పని చేసుకునే అనుమతి కార్డు) చేతిలో ఉన్నా అంతే.

ఎఫ్‌హెచ్‌ఏ సంగతి వేరుగా ఉండేది. వర్క్ వీసా మీద ఉన్నవాళ్ళు ఏళ్ళ తరబడి ఆ లోన్లు తీసుకున్నారు. 2025 మే 25 నుంచి కేస్ నంబరు (లోను ఫైలుకి ఎఫ్‌హెచ్‌ఏ ఇచ్చే నంబరు) తీసుకున్న లోన్లకి ఆ దారి మూసేశారు. పర్మనెంట్ రెసిడెంట్ కానివాళ్ళు ఇప్పుడు ఎఫ్‌హెచ్‌ఏకి అర్హులు కారు. పాత వీడియోలు, పాత సలహాలు చూసి హెచ్-1బీతో ఎఫ్‌హెచ్‌ఏ వస్తుందనుకుని ఇంటికి అడ్వాన్స్ కట్టకండి.

హెచ్-1బీ, ఎల్-1 వాళ్ళకి మిగిలేది కన్వెన్షనల్ లోను. లెండర్ల నుంచి లోన్లు కొనే ఫ్యానీ మే, ఫ్రెడ్డీ మ్యాక్ సంస్థల నిబంధనలు చట్టబద్ధంగా ఇక్కడ ఉంటున్న తాత్కాలిక నివాసితులకీ ఒప్పుకుంటాయి. కాకపోతే వీసా గడువు, రెన్యూవల్ విషయంలో ఒక్కో లెండర్‌ది ఒక్కో పట్టుదల. ఒకరు కాదంటే ఇంకొకరిని అడగండి.

భార్యాభర్తల్లో ఒకరికి గ్రీన్ కార్డు, మరొకరికి వీసా ఉంటే గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళు ఒక్కరే యూఎస్‌డీఏకి గానీ ఎఫ్‌హెచ్‌ఏకి గానీ అప్లై చేసుకోవచ్చు. ఇక్కడ రెండు మెలికలున్నాయి. మొదటిది, యూఎస్‌డీఏ అర్హత లెక్కలో లోన్లో లేని జీవిత భాగస్వామి జీతం కూడా కలుపుతారు, కానీ నెలసరి కట్టే శక్తి చూసేటప్పుడు ఆ జీతం లెక్కకి రాదు. రెండోది, టెక్సస్, కాలిఫోర్నియా, అరిజోనా, వాషింగ్టన్ లాంటి కమ్యూనిటీ ప్రాపర్టీ రాష్ట్రాల్లో (భార్యాభర్తల ఆస్తులు, అప్పులు ఉమ్మడిగా చూసేచోట) లోన్లో లేని భాగస్వామి కారు లోను, క్రెడిట్ కార్డు బాకీలు కూడా మీ అప్పుల నిష్పత్తిలోకి (ఆదాయంలో అప్పుల వాయిదాల వాటాలోకి) వచ్చేస్తాయి. డాలస్ చుట్టుపక్కల ఉండేవాళ్ళకి రెండో మెలిక చాలాసార్లు చివరి నిమిషంలో తెలుస్తుంది. మొదటి రోజే ఇద్దరి క్రెడిట్ రిపోర్టులూ ముందేసుకుని కూర్చుంటే ఆ ఇబ్బంది ఉండదు.

వీఏ లోను సైన్యంలో, నేషనల్ గార్డులో, రిజర్వులో పనిచేసినవాళ్ళకి, కొన్ని సందర్భాల్లో వాళ్ళని కోల్పోయిన భార్య లేదా భర్తకి. మన కుటుంబాల్లో అర్హులు తక్కువే. అర్హత ఉంటే మాత్రం మిగతా పోలికలన్నీ పక్కన పెట్టి ముందు దీన్నే చూడాలి. డౌన్ పేమెంట్ లేదు, నెలనెలా ఇన్సూరెన్స్ లేదు, ఆదాయ పరిమితి లేదు, పల్లె పట్నం పట్టింపు లేదు. మొదటిసారి సున్నా డౌన్‌తో తీసుకుంటే ఫండింగ్ ఫీజు 2.15 శాతం, తర్వాతిసారి 3.3 శాతం. సర్వీసు వల్ల వచ్చిన వైకల్యానికి పరిహారం అందుకునేవాళ్ళకి ఆ ఫీజూ లేదు.

అడ్రస్ ఒక్కటే చెప్పేస్తుంది

యూఎస్‌డీఏ అనగానే పొలాల మధ్య ఇల్లు అనుకోనక్కర్లేదు. 10,000 లోపు జనాభా ఉండి పల్లె స్వభావం ఉన్న ఊళ్ళు, మెట్రో ప్రాంతాల బయట 20,000 లోపు ఉండి ఇళ్ళ లోన్లు దొరకడం కష్టంగా ఉన్న ఊళ్ళు, గతంలో పల్లెగా గుర్తింపు పొంది ఇప్పుడు 35,000 వరకు పెరిగిన కొన్ని ఊళ్ళు దీని కిందకి వస్తాయి. డాలస్ పక్కనున్న ప్లేనో, ఇర్వింగ్, ఫ్రిస్కో, న్యూజెర్సీలోని ఎడిసన్ రావు. కానీ అలాంటి ఊళ్ళ నుంచి ఇంకా బయటికి వెళ్తే ఎక్కడో ఒకచోట గీత దాటుతుంది, అవతల కొత్తగా కడుతున్న సబ్‌డివిజన్లు కూడా అర్హతలో ఉండొచ్చు.

ఆ గీత చూడటానికి యూఎస్‌డీఏ సైట్లో ప్రాపర్టీ ఎలిజిబిలిటీ మ్యాప్ ఉంది. అందులో ముందు ప్రోగ్రాం ఎంచుకోవాలి: సింగిల్ ఫ్యామిలీ హౌసింగ్ గ్యారంటీడ్. తర్వాత పూర్తి అడ్రస్ కొట్టాలి. రంగు పులిమిన భాగం అనర్హం, మామూలుగా కనిపించేది అర్హం. ఊరి పేరు, జిప్ కోడ్ చూసి నిర్ణయించుకోవద్దు. ఒకే జిప్‌లో రోడ్డుకి ఇటు ఇల్లు అర్హత ఉండి, అటు ఇల్లు లేకపోవడం మామూలే. కొత్త ఇంటి అడ్రస్ మ్యాప్‌కి దొరక్కపోతే ఆ చోటుని మ్యాప్ మీదే జూమ్ చేసి గుర్తించి, ఆ పేజీ ప్రింట్ తీసి లెండర్‌కి పంపండి. సెన్సస్ తర్వాత ఈ గీతలు మారతాయి కాబట్టి పొరుగింటివాళ్ళకి ఎప్పుడో వచ్చిందన్నది ఆధారం కాదు.

ఎఫ్‌హెచ్‌ఏ, వీఏ, కన్వెన్షనల్ లోన్లకి ఈ గొడవ లేదు. ఎఫ్‌హెచ్‌ఏకి మాత్రం కౌంటీని బట్టి లోను పరిమితి ఉంటుంది. ఖర్చు తక్కువ కౌంటీల్లో 2025లో ఒక కుటుంబం ఉండే ఇంటికి అది 5,24,225 డాలర్లు. పల్లె ఇళ్ళకి సాధారణంగా అది అడ్డు రాదు.

యూఎస్‌డీఏలో ఆదాయం అంటే మీ ఒక్కరి జీతం కాదు

గ్యారంటీ లోనుకి ఆదాయ పరిమితి ప్రాంతపు మధ్యస్థ ఆదాయంలో 115 శాతం. 2025 పట్టికలో దేశంలో చాలా కౌంటీలకి కనీస పరిమితి ఇలా ఉంది: 1 నుంచి 4 మంది ఉన్న ఇంటికి 1,19,850 డాలర్లు, 5 నుంచి 8 మందికి 1,58,250 డాలర్లు. ఖర్చు ఎక్కువున్న కౌంటీల్లో ఇంకా ఎక్కువ. ఈ పట్టిక దాదాపు ఏటా మారుతుంది కాబట్టి అప్లై చేసే రోజున మీ కౌంటీ అంకె మళ్ళీ చూసుకోవాలి.

ఈ పరిమితితో పోల్చేది లోను మీద సంతకం పెట్టేవాళ్ళ ఆదాయాన్ని కాదు, ఆ ఇంట్లో ఉండబోయే పెద్దవాళ్ళందరి ఆదాయాన్ని. పూర్తిస్థాయిలో చదువుకుంటున్న 18 దాటిన కొడుకో కూతురో పార్ట్‌టైం చేస్తే ఆ సంపాదనలో 480 డాలర్లకి మించి లెక్కించరు. అమ్మానాన్నలు గ్రీన్ కార్డుతో స్థిరంగా మీతోనే ఉంటుంటే వాళ్ళ ఆదాయం కలుస్తుంది, తలల లెక్కలోకీ వాళ్ళు వస్తారు. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు ఉన్న ఇంట్లో తల్లి ఒక్కరు చేరితే ఐదుగురవుతారు, పరిమితి ఒక్కసారిగా 38,400 డాలర్లు పెరుగుతుంది. విజిటర్ వీసా మీద ఆర్నెల్లు వచ్చిపోయే తల్లిదండ్రుల్ని అలా చూపించే ప్రయత్నం చేయకండి. వాళ్ళు ఆ ఇంట్లో స్థిరంగా ఉండేవాళ్ళు కారు.

పరిమితి దాటినట్టు కనిపించినా మినహాయింపులు తీశాక లోపలికి రావచ్చు. ఒకరు 78,000, మరొకరు 46,000 సంపాదిస్తున్నారనుకుందాం. మొత్తం 1,24,000, పరిమితి దాటింది. ఇద్దరు చిన్న పిల్లలకి తలా 480 చొప్పున 960 తీసేస్తారు. ఇద్దరూ ఉద్యోగాలకి వెళ్ళడం కోసం 12 ఏళ్ళు, అంతకంటే తక్కువ వయసు పిల్లల డేకేర్‌కి ఏడాదికి 9,600 కడుతుంటే అదీ తీసేస్తారు. మిగిలింది 1,13,440. నలుగురి ఇంటికి సరిపోయింది. డేకేర్ రసీదులు మాత్రం పక్కాగా ఉండాలి. ఇంట్లోనే ఉండే నానమ్మకి ఇచ్చిన డబ్బు దీనికి లెక్కలోకి రాదు. చాలామంది లోన్ ఆఫీసర్లు మొత్తం జీతం చూసి రాదనేస్తారు. యూఎస్‌డీఏ లోన్లు రోజూ చేసే లెండర్ దగ్గరికే వెళ్ళమనేది ఇందుకే.

సొంత వ్యాపారం ఉన్నవాళ్ళకి రెండేళ్ళ టాక్స్ రిటర్నులు అడుగుతారు, నికర లాభమే ఆదాయం. గ్యాస్ స్టేషన్లో ఖర్చులన్నీ రాసి పన్ను తగ్గించుకుంటే పరిమితిలో సులువుగా పడతారు, కానీ నెలసరి కట్టే శక్తి కాగితం మీద కనపడదు. ఇల్లు కొనాలనుకున్న ఏడాది ముందే మీ అకౌంటెంటు సీపీఏతో ఈ విషయం మాట్లాడాలి. రిటర్ను ఫైలయ్యాక సవరించి ఆదాయం పెంచి చూపిస్తే అండర్‌రైటర్ (లెండర్ తరఫున ఫైలు పరిశీలించేవారు) అనుమానంగానే చూస్తారు.

ఆస్తుల సంగతి కూడా ఉంది. 20 శాతం డౌన్ పేమెంట్, క్లోజింగ్ ఖర్చులు సొంత పొదుపుతో పెట్టుకోగలిగి, అప్పుల నిష్పత్తి, క్రెడిట్ కూడా బాగుండి కన్వెన్షనల్ లోను సులువుగా వచ్చేవాళ్ళకి యూఎస్‌డీఏ ఇవ్వదు. రిటైర్మెంట్ ఖాతాలు ఈ లెక్కలోకి రావు. ఇండియాలో ఉన్న ఎఫ్‌డీలు, ప్లాట్లు కూడా ఆస్తులే. అప్లికేషన్లో దాచడం ఫెడరల్ నేరం కిందకి వస్తుంది. ఒక్క ప్లాటు కోసం అంత దూరం తెచ్చుకోకండి.

ఎఫ్‌హెచ్‌ఏకి ఆదాయ పరిమితి లేదు. కన్వెన్షనల్లో హోంరెడీ, హోంపాజిబుల్ అనే 3 శాతం డౌన్ పథకాలకి ఉంది, ప్రాంతపు మధ్యస్థ ఆదాయంలో 80 శాతం. అయితే అక్కడ సంతకం పెట్టేవాళ్ళ ఆదాయమే చూస్తారు. అన్నదమ్ములో, తల్లిదండ్రులో సంపాదిస్తూ కలిసుండే ఇంటికి ఈ తేడా పెద్దదే.

2,80,000 డాలర్ల ఇంటి మీద లెక్క

పోల్చడానికి వీలుగా అన్నిటికీ 6.5 శాతం వడ్డీ, 30 ఏళ్ళు అనుకుందాం. నిజానికి యూఎస్‌డీఏ, ఎఫ్‌హెచ్‌ఏ, వీఏ రేట్లు ఒకదానికొకటి దగ్గరగానూ, తక్కువ క్రెడిట్ స్కోరున్నవాళ్ళకి కన్వెన్షనల్ కంటే మెరుగ్గానూ ఉంటాయి. పన్ను, ఇంటి ఇన్సూరెన్స్ ఇందులో కలపలేదు.

యూఎస్‌డీఏ: డౌన్ పేమెంట్ సున్నా. ముందు ఫీజు 1 శాతం, అది లోన్లోనే కలుపుకోవచ్చు. ఫీజు కలిపిన మొత్తం మీద 1 శాతం కాబట్టి 2,80,000ని 0.99తో భాగించాలి. లోను 2,82,828 అవుతుంది. అసలు, వడ్డీ నెలకి సుమారు 1,788. ఏటా 0.35 శాతం ఫీజు, అంటే మొదటి ఏడాది నెలకి దాదాపు 82. మొత్తం 1,870.

ఎఫ్‌హెచ్‌ఏ: 580 లేదా ఆపై స్కోరుకి 3.5 శాతం డౌన్, 9,800 డాలర్లు. ముందు ప్రీమియం 1.75 శాతం కలిపితే లోను 2,74,928. నెలకి 1,738, దాని మీద 0.55 శాతం వార్షిక ప్రీమియం నెలకి సుమారు 124. మొత్తం 1,862.

కన్వెన్షనల్, 3 శాతం డౌన్: చేతి నుంచి 8,400. లోను 2,71,600. నెలకి 1,717, ఆపైన పీఎంఐ (తక్కువ డౌన్ పెట్టినందుకు కట్టే ప్రైవేటు మార్ట్‌గేజ్ ఇన్సూరెన్స్). పీఎంఐ మీ స్కోరుని బట్టి చాలా మారుతుంది.

వీఏ: సున్నా డౌన్, ఫండింగ్ ఫీజు కలిపి లోను 2,86,020. నెలకి 1,808, అదనంగా ఏమీ లేదు.

యూఎస్‌డీఏకీ ఎఫ్‌హెచ్‌ఏకీ నెలకి తేడా 8 డాలర్లే, కానీ ఎఫ్‌హెచ్‌ఏకి ముందే 9,800 పోశారు. రెండింటికీ అర్హత ఉండి ఇల్లు పరీక్షల్లో నెగ్గితే యూఎస్‌డీఏనే మేలు. స్కోరు 740 పైన ఉన్నవాళ్ళు మాత్రం కన్వెన్షనల్ పీఎంఐ కొటేషన్ తప్పకుండా తీసుకోవాలి. ఈ ఉదాహరణలో పీఎంఐ నెలకి 153 కంటే తక్కువ వస్తే నెలసరిలో యూఎస్‌డీఏ కంటే కన్వెన్షనలే చవక. అసలు విలువలో 80 శాతానికి బాకీ దిగాక పీఎంఐని అడిగి తీయించుకోవచ్చు, 78 శాతానికి దానంతట అదే పోతుంది. యూఎస్‌డీఏ వార్షిక ఫీజు లోను ఉన్నన్నాళ్ళూ ఉంటుంది. ఎఫ్‌హెచ్‌ఏలో 10 శాతం కంటే తక్కువ డౌన్ పెడితే అదీ అంతే. 10 శాతం పెడితే 11 ఏళ్ళకి ఆగుతుంది.

సున్నా డౌన్ అంటే చేతిలో సున్నా ఉన్నా చాలని కాదు. క్లోజింగ్ ఖర్చులు, ఎస్క్రోలో (పన్ను, ఇన్సూరెన్స్ కోసం లెండర్ దగ్గర ఉంచే ఖాతాలో) ముందే వేసే పన్ను, ఇన్సూరెన్స్ ఎటూ ఉంటాయి. యూఎస్‌డీఏలో అమ్మేవాళ్ళు ధరలో 6 శాతం వరకు వాటికి ఇవ్వొచ్చు. ఇంకో వెసులుబాటు దీనికి మాత్రమే ఉంది. అప్రైజల్ (లెండర్ కోసం కట్టే ఇంటి విలువ) బేరం ధర కంటే ఎక్కువ వస్తే ఆ తేడా వరకు క్లోజింగ్ ఖర్చుల్ని లోన్లో కలుపుకోవచ్చు. ఇల్లు 2,80,000కి బేరమై అప్రైజల్ 2,85,000 వస్తే 5,000 ఖర్చులు లోన్లోకి పోతాయి. ఇండియా నుంచి తల్లిదండ్రులు గిఫ్ట్ పంపితే గిఫ్ట్ లెటరు, వాళ్ళ ఖాతా నుంచి మీ ఖాతాకి వచ్చిన దారి మొత్తం స్టేట్‌మెంట్లలో కనపడాలి. ఎవరి ఖాతా నుంచో తిరిగొచ్చిన డబ్బుని అండర్‌రైటర్ ఒప్పుకోరు.

స్కోరు విషయంలో యూఎస్‌డీఏకి అధికారిక కనీసం లేదు, 640 దాటితే గస్ అనే ఆటోమేటిక్ వ్యవస్థలో పని సులువవుతుంది. ఇంటి ఖర్చు ఆదాయంలో 29 శాతం, మొత్తం అప్పులు 41 శాతం అన్నది కొలబద్ద. గస్ ఆమోదిస్తే కొంచెం పైకీ పోవచ్చు. స్టూడెంట్ లోను వాయిదా పడి ఇప్పుడు నెలకి సున్నా కడుతున్నా, యూఎస్‌డీఏ, ఎఫ్‌హెచ్‌ఏ రెండూ బాకీలో 0.5 శాతాన్ని నెలసరిగా లెక్కేస్తాయి. 40,000 బాకీకి 200 డాలర్లు.

బావి, సెప్టిక్: బేరం ఇక్కడే తెగుతుంది

చాలా పల్లె ఇళ్ళకి మున్సిపల్ నీళ్ళు, మురుగు లైను ఉండవు. ఇంటి ఫోటోలు చూసి మురిసే ముందు ఈ రెండూ చూడాలి.

బావి నీళ్ళకి ల్యాబ్ పరీక్ష కావాలి. చూసేవి ముఖ్యంగా కోలిఫాం, ఈ-కోలి, నైట్రేట్, నైట్రైట్, సీసం. నైట్రేట్ లీటరుకి 10 మిల్లీగ్రాములు, నైట్రైట్ 1 మిల్లీగ్రాము దాటకూడదు. నమూనా మీరు పట్టకూడదు, అమ్మేవాళ్ళూ పట్టకూడదు. ల్యాబ్ మనిషో, కౌంటీ ఆరోగ్య శాఖ మనిషో, ఈ బేరంతో సంబంధం లేని ఇన్‌స్పెక్టరో పట్టాలి. ఏజెంటు సీసాలో నింపి తెచ్చిన నీళ్ళతో రిపోర్టు తెస్తే లెండర్ తిప్పి పంపుతారు, వారం పోతుంది. బ్యాక్టీరియా నమూనా తీసిన 30 గంటల్లోపు ల్యాబ్‌కి చేరాలి కాబట్టి శుక్రవారం మధ్యాహ్నం పట్టించకండి.

కోలిఫాం కనపడితే గాభరా పడక్కర్లేదు. బావిలో క్లోరిన్ పోసి, పైపులన్నిటిలోకీ పారనిచ్చి, కొన్ని గంటలు నిలవ ఉంచి, క్లోరిన్ వాసన పూర్తిగా పోయేదాకా నీళ్ళు వదిలేసి మళ్ళీ పరీక్షిస్తారు. చాలా బావులు రెండోసారికి నెగ్గుతాయి. మళ్ళీ వస్తే బావి మూత పగిలిందో, కేసింగ్ చుట్టూ సందుల్లోంచి వాననీరు దిగుతోందో చూడాలి. నైట్రేట్ ఎక్కువొస్తే సంగతి వేరు. చుట్టూ మొక్కజొన్న పొలాలో, పశువుల కొట్టాలో ఉంటే అది ఎరువు నుంచో పేడ నుంచో భూమిలోకి దిగిన నైట్రేట్, క్లోరిన్‌తో పోదు. వంటింటి పంపుకి రివర్స్ ఆస్మాసిస్ పెట్టించాలి, లేదా ఇంకా లోతుగా బావి తీయాలి. పసిపిల్లలున్న ఇల్లయితే లోను ఇచ్చినా ఇవ్వకపోయినా ఇది వదిలేయకూడదు.

బావికీ సెప్టిక్‌కీ మధ్య దూరం కూడా కొలుస్తారు. ఎఫ్‌హెచ్‌ఏ ప్రకారం సెప్టిక్ ట్యాంకుకి 50 అడుగులు, డ్రెయిన్ ఫీల్డుకి (ట్యాంకు నీరు ఇంకే నేలకి) 100 అడుగులు. స్థానిక నిబంధన ఒప్పుకుంటే డ్రెయిన్ ఫీల్డుకి 75 అడుగుల వరకు తగ్గొచ్చు. పాత ఇళ్ళలో ఇది తేలక సర్వేయరుని పిలవాల్సొస్తుంది.

సెప్టిక్ ఇన్‌స్పెక్షన్ చేయించేటప్పుడు ట్యాంకు ఖాళీ చేయించి లోపల చూడమనండి. టాయిలెట్ ఫ్లష్ చేసి నీళ్ళు పోతున్నాయని రాసిచ్చే ఇన్‌స్పెక్షన్ వల్ల ఉపయోగం లేదు. డ్రెయిన్ ఫీల్డు మీద ఒక్కచోటే గడ్డి మరీ పచ్చగా ఉన్నా, వాన లేకపోయినా కాలు పెడితే నీరు ఊరినా ఆ ఫీల్డు పని అయిపోవచ్చినట్టే. కౌంటీ నుంచి సెప్టిక్ పర్మిట్ కాపీ తెప్పించండి. పర్మిట్ బెడ్‌రూంల లెక్కన ఇస్తారు. 4 బెడ్‌రూంల ఇల్లని అమ్ముతున్నదానికి పర్మిట్ 3కే ఉంటే, ఎవరో తర్వాత గది కలిపారని అర్థం. అప్రైజర్ 3 బెడ్‌రూంలుగా విలువ కడితే బేరం ధర నిలబడదు.

మిగతా షరతులు తొందరగా చెప్పుకోవచ్చు. 1978కి ముందు కట్టిన ఇంట్లో పెచ్చులూడిన పెయింటుని గోకి మళ్ళీ వేయాలి. పైకప్పుకి ఇంకా కనీసం రెండేళ్ళ ఆయుష్షు కనపడాలి. ఇంటికి వెళ్ళేది ప్రైవేటు మట్టి రోడ్డైతే దాని మీద మీకు శాశ్వత హక్కు రిజిస్టరై ఉండాలి. యూఎస్‌డీఏ, ఎఫ్‌హెచ్‌ఏ రెండూ దాదాపు ఒకే కొలతలు వాడతాయి కాబట్టి ఇల్లు శిథిలంగా ఉంటే ఒకదాని నుంచి ఇంకోదానికి మారినా లాభం ఉండదు. అలాంటి ఇంటికి కన్వెన్షనలే కాస్త ఉదారం. ఫ్యాక్టరీలో కట్టి తెచ్చిన ఇల్లయితే, ఎఫ్‌హెచ్‌ఏకి 1976 జూన్ 15న గానీ తర్వాత గానీ తయారై, హెచ్‌యూడీ (ఫెడరల్ గృహ శాఖ) ట్యాగు ఊడకుండా, శాశ్వత పునాది మీద ఉందో లేదో ముందే చూసుకోండి. యూఎస్‌డీఏ షరతులు ఇంతకంటే కఠినం.

ఐదెకరాలు, కోళ్ళు, కూరగాయల తోట

మనవాళ్ళకి బాగా ఇష్టమైన కోరిక ఇది, ఇక్కడ యూఎస్‌డీఏ పేరు చూసి పొరబడేవాళ్ళు ఎక్కువ. వ్యవసాయ శాఖ ఇచ్చే లోనే అయినా గృహ పథకం వ్యవసాయానికి కాదు. ఇంటి వాడకానికి తోట, నాలుగు కోళ్ళు పెంచుకోవచ్చు. ఆదాయం వచ్చే పొలం, అద్దెకిచ్చే గడ్డిభూమి, వాణిజ్యపు కొట్టాలు ఉంటే గృహ లోను రాదు. పొలం నడపాలన్నదే ఉద్దేశమైతే అదే శాఖలోని ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీ పథకాలు వేరుగా ఉన్నాయి, అక్కడ పొలం నడిపిన అనుభవం అడుగుతారు. ఎకరాలు ఎక్కువైతే ఇంకో చిక్కు ఉంది. అంత స్థలంతో దగ్గర్లో ఈమధ్య అమ్ముడైన ఇళ్ళు అప్రైజర్‌కి దొరక్కపోతే విలువ తక్కువొస్తుంది.

టెక్సస్‌లో మరీ జాగ్రత్త. లిస్టింగ్‌లో ఆస్తి పన్ను ఆశ్చర్యంగా తక్కువ కనిపిస్తే ఆ భూమి వ్యవసాయ విలువ మీద పన్ను కడుతున్నట్టు. మీరు వాడకం మారిస్తే ఆ రాయితీ పోయి పన్ను పూర్తి విలువకి ఎగబాకుతుంది, దాని మీద గడిచిన మూడేళ్ళ రోల్‌బ్యాక్ పన్ను (ఆ ఏళ్ళలో రాయితీగా మిగిలిన తేడా) కూడా పడుతుంది. అది ఎవరు కట్టాలో కాంట్రాక్టులో రాయించండి. పూర్తి విలువ మీద పన్నుతో నెలసరి ఎంతవుతుందో లెండర్ చేత లెక్క కట్టించుకోండి.

రెండు మూడు ఇళ్ళున్న కట్టడం కొని ఒకదాంట్లో ఉండి మిగతాది అద్దెకిద్దామనుకునేవాళ్ళకి ఎఫ్‌హెచ్‌ఏ ఒక దారి. నాలుగు యూనిట్ల వరకు ఒప్పుకుంటుంది. యూఎస్‌డీఏ ఒప్పుకోదు.

కాంట్రాక్టు, గడువు

యూఎస్‌డీఏకి మిగతా వాటికంటే ఒక మెట్టు ఎక్కువ. లెండర్ అండర్‌రైటింగ్ ముగించాక ఫైలు యూఎస్‌డీఏ వాళ్ళ రూరల్ డెవలప్‌మెంట్ ఆఫీసుకి వెళ్తుంది. వాళ్ళు కండిషనల్ కమిట్‌మెంట్ (షరతులతో హామీ పత్రం) ఇచ్చాకే క్లోజింగ్. కాబట్టి కాంట్రాక్టులో కనీసం 45 రోజులు పెట్టించండి. సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో ఇంకా ఎక్కువ పెట్టుకోవాలి. ఫెడరల్ ఆర్థిక సంవత్సరం అక్టోబరు 1న మొదలవుతుంది, నిధులు ఆమోదం కాక ప్రభుత్వం మూతపడితే కొత్త కమిట్‌మెంట్లు ఆగిపోతాయి. 2025 అక్టోబరు 1 నుంచి నవంబరు 12 వరకు అదే జరిగింది. అలాంటప్పుడు రేట్ లాక్ (వడ్డీ రేటు మారకుండా లెండర్ ఇచ్చే మాట) గడువు పొడిగించడానికి ఎంత పడుతుందో ముందే అడిగి పెట్టుకోండి.

ఎఫ్‌హెచ్‌ఏ, వీఏ కాంట్రాక్టుల్లో అప్రైజల్ తక్కువొస్తే అడ్వాన్స్ పోకుండా బయటికి రావడానికి ఒక క్లాజు తప్పనిసరి. యూఎస్‌డీఏకి అది తప్పనిసరి కాదు. ఏజెంటు మర్చిపోతే మీరే అప్రైజల్ కంటింజెన్సీ రాయించండి. నీటి పరీక్ష, సెప్టిక్ కూడా విడిగా రాయించి, టెక్సస్‌లో అయితే ఆప్షన్ పీరియడ్ (కారణం చెప్పకుండా బేరం వదులుకోగల గడువు) ముగిసేలోపు ఆ రిపోర్టులు చేతికొచ్చేలా మొదటి రోజే ఇన్‌స్పెక్టర్లని బుక్ చేయండి. ఇక క్లోజింగ్ అయ్యేదాకా ఉద్యోగం మారకండి, కొత్త కారు కొనకండి.

డైరెక్ట్ లోను

యూఎస్‌డీఏలోనే 502 డైరెక్ట్ అని ఇంకోటి ఉంది. ఇది లెండర్ ఇచ్చేది కాదు, ప్రభుత్వమే ఇస్తుంది. అప్లికేషన్ నేరుగా రూరల్ డెవలప్‌మెంట్ ఆఫీసులో. ఆదాయం ప్రాంతపు మధ్యస్థంలో సుమారు 80 శాతం లోపు ఉండి, ఇంకెక్కడా సరైన లోను దొరకనివాళ్ళకి. గడువు 33 ఏళ్ళు, ఆదాయం మరీ తక్కువైతే 38. సబ్సిడీతో వడ్డీ భారం 1 శాతం వరకు దిగొచ్చు, నెలనెలా ఇన్సూరెన్స్ లేదు. మోటెల్లో గంటల లెక్కన పనిచేసే కుటుంబాలకి, కొత్తగా గ్రీన్ కార్డు మీద వచ్చి చిన్న ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళకి ఇంతకంటే మంచి లోను లేదు. అయినా మనవాళ్ళలో దీని గురించి చెప్పేవాళ్ళే తక్కువ, లోన్ ఆఫీసర్‌కి ఇందులో కమిషన్ లేదు కాబట్టి.

దీనికి రెండు షరతులు గుర్తుంచుకోవాలి. ఇల్లు ఆ ప్రాంతానికి మించిన ఆడంబరం లేకుండా, అక్కడి లోను పరిమితిలో ఉండాలి. ఇల్లు అమ్మినప్పుడో, అందులో ఉండటం మానేసినప్పుడో, అన్నేళ్ళు పొందిన సబ్సిడీలో కొంత తిరిగి కట్టాల్సి రావచ్చు. ఎంతన్నది ఇంటి విలువ పెరుగుదలని బట్టి ఉంటుంది. గ్యారంటీ లోన్లో ఈ తిరిగి కట్టడం లేదు. ఆదాయం త్వరలో పెరిగి నాలుగైదేళ్ళలో అమ్మేస్తామనుకునేవాళ్ళు ఈ సబ్సిడీ లెక్క రాతపూర్వకంగా అడిగి తీసుకుని, గ్యారంటీ లోను నెలసరితో పక్కపక్కన పెట్టుకుని చూడాలి.